బండి కింద పొడినేల

ముందు నేల వాలు చూడాలి.
మెర్వ్ పొయ్యి గట్టు మీద రసమట్టం పెడతాడు,
అందులో బుడగ కుడికి పారిపోతుంది.
నేను దిగి ఎడమ చక్రం ముందు చెక్క తోస్తాను.
ఇంకొంచెం. ఇంకొంచెం. ఆగు.
ఆగమని చెయ్యెత్తాక కూడా జానెడు ముందుకొస్తాడు,
నలభై ఒక్క ఏళ్ల కాపురంలో ఎప్పుడూ అంతే.

బుడగ నడిమికి రాకపోతే
గుడ్డు పెనంలో ఒక మూలకి జారుతుంది,
స్నానం నీళ్లు తూము వైపు పోనంటాయి,
రాత్రి నేను అతని మీదకి దొర్లుతాను.
మొదటి ఏడాది అది బాగానే ఉండేది.

నీళ్లు తొంభై లీటర్లు.
పడమటికి పోయేకొద్దీ కుళాయికి డబ్బులడుగుతారు,
కొన్నిచోట్ల డబ్బులిచ్చినా పొయ్యరు.
కాబట్టి లెక్క.
టీకి అర లీటరు. గిన్నెలకి రెండు.
నా జుట్టుకి నాలుగు, కత్తిరించేశాక ఒకటిన్నర.
సెడూనాలో పెట్రోలు బంకు వెనక, వంట కత్తెరతో,
మెర్వే కత్తిరించాడు. ఎడమవైపు పొట్టిగా వచ్చింది.
"బండి వాలుగా ఉంది," అన్నాడు.

పగలంతా ఏం చేస్తారే అంటుంది మా చెల్లెలు,
సిగ్నల్ దొరికిన రోజున.
ఏం చేస్తాం.
బట్టలుతికే మిషనుకి నాణేలు పోగేస్తాం.
మరుగుదొడ్డి పెట్టె ఎవరి వంతో వాదించుకుంటాం.
తాడు మీద తువ్వాళ్లు ఇరవై నిమిషాల్లో అప్పడాలవుతాయి.
చెంచా కావాలంటే ఒకరు లేవాలి,
ఒకరు లేవాలంటే ఇంకొకరు మంచమెక్కాలి.
కోపమొస్తే విసురుగా వెళ్లడానికి రెండో గది లేదు.
తలుపు తీసుకుని దిగితే ఎడారి, బోలెడంత,
పది అడుగులు వేసేసరికి
ఈగలు వెనక్కి పంపించేస్తాయి.

ఆ కంకర మైదానంలో మా పక్కన డల్సీ ఉండేది.
పాత బడి బస్సు, అద్దాలకి పూల గుడ్డలు,
కుంటి కాలి గులాబీ రంగు చిలక ఒకటి.
ఎనభైకి దగ్గర పడ్డ మనిషి.
ఫారాల్లో శాశ్వత చిరునామా అన్నచోట
ఏం రాస్తావని అడిగాను.
మేం చెల్లెలి ఇల్లు రాస్తాం,
రాసిన ప్రతిసారీ ఏదో దొంగిలించినట్టుంటుంది.
డల్సీ చిలకకి పల్లీ అందిస్తూ
"బస్సు నంబరు," అంది.
"ఒప్పుకుంటారా?"
"ఒప్పుకోరు. మళ్లీ అదే రాస్తాను."

ఆ సాయంత్రం ఐదు లీటర్ల డబ్బాతో
మా మెట్టు దగ్గర నిలబడింది.
అడగలేదు. డబ్బా చూపించింది.
ట్యాంకుకి మూడు దీపాలుంటే ఒకటే వెలుగుతోంది.
మెర్వ్ నా వంక చూశాడు.
నింపాను.
నిండా కాదు, మెడ దాకా.
ఆ రెండు వేళ్ల వెలితి నాకిప్పటికీ గుర్తే.

రాత్రి వాన.
ఏడు నెలల్లో మొదటిది.
రేకు మీద గింజలు ఒలకబోసినట్టు మొదలై
మాట వినపడనంత అయింది.
మెర్వ్ లాగుతోనే బయటికి పరిగెత్తి
బకెట్టు, గిన్నెలు, టీకప్పులు, చివరికి తన టోపీ
వరసగా పరిచాడు.
నేను గడపలోంచి మెడ చాపి
రెండేళ్లలో మొదటిసారి
లెక్కపెట్టకుండా తల తడుపుకున్నాను.

తెల్లారి చూస్తే డల్సీ లేదు.
వాన వెలిశాక, మేం నిద్రలో ఉండగా కదిలి ఉంటుంది.
మైదానమంతా తడిసి ముదురెరుపు.
బస్సు ఆగినచోట మాత్రం
లేత రంగు పొడినేల, నాలుగు మూలలతో సహా,
పునాదికి ముగ్గు పోసినట్టు.
మధ్యలో పల్లీ తొక్కలు.
మా మెట్టు మీద
ఐదు లీటర్ల డబ్బా. అంచు దాకా.

మెర్వ్ ఆ పొడినేల చుట్టూ తిరిగాడు
లోపల కాలు పెట్టకుండా, పరాయి ఇల్లయినట్టు.
తర్వాత ఆగలేక రసమట్టం తెచ్చి వంగి ఆనించాడు.
"ఎలా ఉంది?"
"వాలే. ఇంత వాలులో ఎలా పడుకునేదో."

పదింటికల్లా ఎండెక్కి
తడీ పొడీ ఒకటే రంగైపోయాయి.
మేమూ కప్పులకి గుడ్డలు చుట్టాం,
చెక్కలు దులిపి డిక్కీలో వేశాం.
అతను తాళం తిప్పబోతుంటే
ఒక్క నిమిషమని దిగి,
మోకాళ్ల మీద వంగి
మా బండి కింద చూశాను.